రాసేవారు కారు నడపకూడదు: కాలేజీ బాస్కెట్‌బాల్ ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థులు కొందరు తమ విశ్వవిద్యాలయాల విద్యార్థి పత్రికలకు ఆటల వార్తలు రాస్తున్నారని ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల వల్లనే నాకు తెలిసింది. కాన్సస్ రాష్ట్రంలో చదువుకున్న రోజుల్లో నేనూ అదే పని చేశాను కనుక, ఈ నెల ప్రశ్నలన్నిటినీ ఆ ఒక్క విషయం మీదనే తీసుకున్నాను. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రికలో ఈ సెమిస్టర్‌లోనే చేరాను. ఫిబ్రవరిలో మా జట్టు అయోవా స్టేట్ జట్టుతో ఏమ్స్ పట్టణంలో ఆడే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు విలేకరిగా వెళ్ళమన్నారు. ఆట సాయంత్రం ఏడు గంటలకు మొదలవుతుంది. నాతో గదిలో ఉండే ముగ్గురు మిత్రులూ వస్తామంటున్నారు. ఒకే కారులో వెళ్ళి, ఆట ముగియగానే రాత్రికి రాత్రే తిరిగి రావాలని అనుకుంటున్నాము. ఇది వీలయ్యే పనేనా? (లారెన్స్, కాన్సస్ నుంచి ఒక ఎం.ఎస్. విద్యార్థి)

జవాబు: వీలవుతుంది, కాని చేయకండి. ఎందుకో గంటల లెక్కలోనే తెలుస్తుంది.

లారెన్స్ నుంచి ఏమ్స్‌కు సుమారు 270 మైళ్ళు, అంటే ఇంచుమించు విజయవాడ నుంచి తిరుపతికి ఉన్నంత దూరం. ఐ-70 అనే అంతర్రాష్ట్ర రహదారి మీద తూర్పుగా కాన్సస్ సిటీ చేరి, అక్కడ ఐ-35 ఎక్కి మిస్సోరి రాష్ట్రంలో కామెరాన్, బెథనీ దాటి, అయోవాలో లమోనీ, ఒసియోలా మీదుగా డిమోయిన్ నగరానికి, అక్కడి నుంచి మరి కాస్త ఉత్తరాన ఉన్న ఏమ్స్‌కు చేరాలి. ఎక్కడా ఆగకుండా వెళ్ళినా నాలుగు గంటలు దాటుతుంది. ఉదయం పదింటికి బయలుదేరి, దారిలో ఒకసారి పెట్రోలుకు, ఒకసారి కాఫీకి ఆగితే మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో చేరుకుంటారు. ఇంతవరకు హాయిగానే ఉంటుంది.

చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంది. ఏడింటికి మొదలైన ఆట తొమ్మిది దాటాక ముగుస్తుంది. ఆ తరువాత కోచ్‌లు, ఆటగాళ్ళు విలేకరులతో మాట్లాడే కార్యక్రమం అయ్యేసరికి పదింటికి దగ్గర పడుతుంది. వార్త రాసి, ఆటగాళ్ళ పేర్ల స్పెల్లింగులు సరిచూసుకొని, పత్రిక డెస్క్ అడిగే అనుమానాలకు సమాధానాలు చెప్పి లేచేసరికి పదకొండు. అప్పుడు కారెక్కితే లారెన్స్ చేరేది తెల్లవారుజామున మూడున్నరకు. ఉత్తర మిస్సోరిలో ఆ దారి పొడవునా ఎడంగా విసిరేసినట్లున్న ఊళ్ళు తప్ప మరేమీ ఉండవు. ఫిబ్రవరి గాలి ఖాళీ పొలాల మీద నుంచి వచ్చి కారును పక్కకు నెడుతూ ఉంటుంది. మీరు రాసి అలసిపోయి ఉంటారు, మీ మిత్రులు కేకలు వేసి అలసిపోయి ఉంటారు. నలుగురిలో మెలకువగా ఉన్నవాడు ఎవరూ ఉండరన్న మాట. కనుక ఏమ్స్‌లోగాని డిమోయిన్‌లోగాని నలుగురూ కలిసి ఒక గది తీసుకోండి. తలా ఇంత వేసుకుంటే ఆ ఖర్చు పెద్దది కాదు.

నేను పాటించిన నియమం ఒక్కటే: రాసేవారు కారు నడపకూడదు. ముగ్గురు మిత్రులు వస్తున్నారంటే మీకు ముగ్గురు డ్రైవర్లు దొరికారని అర్థం. వెళ్ళేటప్పుడు వెనక సీటులో కూర్చొని రెండు జట్ల గత ఐదారు ఆటల స్కోరు పట్టికలు చదువుకోండి. ఆ విశ్వవిద్యాలయం ఆటకు ముందు విలేకరుల కోసం ‘గేమ్ నోట్స్’ పేరుతో ఒక సమాచార పత్రం విడుదల చేస్తుంది, దానిని ఫోనులో దింపుకొని ముఖ్యమైన చోట్ల గుర్తులు పెట్టుకోండి. ఇవన్నీ ఇంటి దగ్గరే చేయవచ్చు గదా అంటారేమో. చేయరు, నేనూ చేయలేదు. నాలుగు గంటలు కదలకుండా కూర్చోబెట్టే కారు సీటు కంటే మంచి చదువుల గది నాకు అమెరికాలో దొరకలేదు.

ఇక ప్రెస్ పాస్ సంగతి. మీది బయటి ఊరి ఆట కనుక దరఖాస్తు వెళ్ళవలసింది ఆతిథ్య జట్టు క్రీడా విభాగంలోని సమాచార కార్యాలయానికి. అది మీ సొంత మెయిల్ నుంచి కాక మీ సంపాదకుడి నుంచి వెళ్ళాలి. పాస్ మీద పేరు మీ గుర్తింపు కార్డులో ఉన్నట్లే ఉండేలా చూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన పాత తగాదా అక్కడ గేటు దగ్గర చలిలో నిలబడి తేల్చుకునేది కాదు. పార్కింగ్ అనుమతి వేరుగా అడగాలి. ఆటకు గంటన్నర ముందు లోపల ఉండండి. ఏమ్స్‌లో మీ ఆట జరిగే హిల్టన్ కొలీజియం 1971లో తెరిచిన ఆటస్థలం, 14 వేల మందికి పైగా పడుతుంది, మంచి జట్టు వచ్చిన రోజున నిండిపోతుంది. జనం అరుపులకే ఎదుటి జట్టు తడబడుతుందని అక్కడివారి నమ్మకం. దానికి ‘హిల్టన్ మ్యాజిక్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. జనం నిండకముందు ఆ ఖాళీ కోర్టు మీద బంతి చప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి వినండి, తరువాత వచ్చే హోరును కొలవడానికి అది పనికివస్తుంది.

ప్రశ్న: విలేకరిగా వెళుతున్నవారు తమ స్నేహితులను పక్కన కూర్చోబెట్టుకోవచ్చా? మా జట్టు గెలిస్తే నేను చప్పట్లు కొట్టవచ్చా? (ఏమ్స్, అయోవా నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: రెండూ కూడదు. పాస్ ఒకరి పేరు మీద ఒక పని కోసం ఇచ్చినది. మీ మిత్రులు టిక్కెట్లు కొనుక్కొని ప్రేక్షకులలో కూర్చోవాలి, ఆ టిక్కెట్లను కూడా మీరు క్రీడా విభాగాన్ని అడగకూడదు. విలేకరుల వరుసలో చప్పట్లు, కేకలు, జట్టు రంగుల చొక్కాలు, ఆటగాళ్ళతో ఫొటోలు, సంతకాలు నిషిద్ధం. ఇది ఎవరో చెప్పగా నేర్చుకునే మర్యాద కాదు, మొదటి రోజు నుంచే తెలిసి ఉండవలసినది. మీ జట్టు చివరి క్షణంలో గెలిచినప్పుడు చేతులు కాళ్ళు ఆడకుండా కూర్చోవడం కష్టమే. నేను రెండు చేతులూ బల్ల కింద పెట్టుకునేవాడిని.

ఒక సరదా సంగతి. లారెన్స్‌లో కాన్సస్ విశ్వవిద్యాలయ ఆటస్థలమైన అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లు పిలుస్తున్నంతసేపూ విద్యార్థులు తమ విద్యార్థి పత్రికను ముఖానికి అడ్డం పెట్టుకొని, మీరెవరో మాకు అక్కరలేదన్నట్లు చదువుతున్న భంగిమలో నిలబడతారు. ఆ తరువాత ఆ కాగితాలనే చింపి గాలిలోకి ఎగరవేస్తారు. ఒక ఆటకు ముందు రాత్రంతా మేలుకొని నేను రాసిన వ్యాసం అలా పేలికలై వచ్చి నా ల్యాప్‌టాప్ మీద పడింది. ఒక ముక్క మీద నా పేరులో సగం ఉంది. పాఠకులు పత్రికను ఇంత ఉత్సాహంగా వాడుకోవడం మరెక్కడా చూడలేదు.

ప్రశ్న: నాకు క్రికెట్ బాగా తెలుసు, బాస్కెట్‌బాల్ అంతంతమాత్రమే. పత్రికలో ఆటల విభాగంలోనే ఖాళీ ఉందని చేరాను. ఆట చూస్తూ ఏమి గమనించాలి, ఏమి రాసుకోవాలి? (డెంటన్, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: క్రికెట్ తెలిసినవారికి ఒక అలవాటు ఉంటుంది, బంతికి బంతికి మధ్య ఆలోచించుకోవడం. బాస్కెట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. పురుషుల కాలేజీ ఆటలో ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు ఉంటాయి. బంతి చేతికి వచ్చిన జట్టు 30 సెకన్లలో బుట్ట వైపు విసిరి తీరాలి. అంటే మీరు తల వంచి ఒక వాక్యం రాసి తలెత్తేసరికి రెండు సంఘటనలు జరిగిపోయి ఉంటాయి. అందుచేత ఆట నడుస్తుండగా వాక్యాలు రాయకండి. గడియారంలో మిగిలిన సమయం, స్కోరు, ఒక్క మాట, అంతే: ‘11:42, 44–39, ఎడమ మూల’. ప్రతి భాగంలో గడియారం 16, 12, 8, 4 నిమిషాలు దాటాక ఆట ఆగిన మొదటి సందర్భంలో టీవీ ప్రకటనల కోసం విరామం ఇస్తారు. మొత్తం ఆటలో ఎనిమిది విరామాలు. మీ వాక్యాలకు చోటు అక్కడ ఉంది. పక్కనున్న పాత విలేకరులను చూడండి, ఈల మోగగానే అందరి వేళ్ళూ ఒక్కసారిగా కీబోర్డు మీదికి వెళతాయి.

బంతిని చూడవద్దని నేను చెప్పను గాని, దానినే చూడకండి. బంతిని ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవారు మీకంటే బాగా చూస్తారు. వారికి కనిపించనిది మీకు కనిపించాలి. ఒక ఆటగాడిని నాలుగవ ఫౌల్ తరువాత కూర్చోబెట్టారు. ఐదవది పడితే ఆట నుంచి పూర్తిగా వెళ్ళిపోవాలి కనుక కోచ్ అతన్ని దాచుకుంటున్నాడు. అతను బెంచీ చివర కూర్చొని అరచేతితో బూటు అడుగు భాగాన్ని అదే పనిగా తుడుచుకుంటున్నాడు. దుమ్ము పోతే నేల మీద పట్టు దొరుకుతుందని అందరూ చేసే పనే అది. కాని ఆటలో లేనివాడు పది నిమిషాలపాటు అది చేస్తున్నాడంటే, తనను ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నాడన్న మాట. నా మొదటి మంచి వార్త ఆ బూటుతోనే మొదలైంది.

అంకెలలో స్కోరు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఒక జట్టు వేగంగా ఆడుతుంది, మరొకటి నిదానంగా. కనుక ఎన్ని పాయింట్లు సాధించారన్న దానికంటే, బంతి చేతికి వచ్చిన ఒక్కొక్క అవకాశానికి ఎన్ని సాధించారన్నది అసలు లెక్క. ఆ అవకాశాలను సుమారుగా ఇలా కడతారు: బుట్ట వైపు విసిరిన షాట్ల సంఖ్యలో నుంచి గురి తప్పాక తమ జట్టే తిరిగి పట్టుకున్న రీబౌండ్లను తీసివేసి, పోగొట్టుకున్న బంతులను (టర్నోవర్లను) కలిపి, ఎదుటివారి ఫౌల్‌కు బదులుగా అడ్డు లేకుండా విసరనిచ్చే ఫ్రీ త్రోల సంఖ్యను 0.475తో గుణించి దానికి చేర్చాలి. ఉదాహరణకు 60 షాట్లు, 10 రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు ఉంటే అవకాశాలు 71.5. ఆ జట్టు 75 పాయింట్లు చేసి ఉంటే అవకాశానికి దాదాపు 1.05 పాయింట్లు వచ్చినట్లు. క్రికెట్‌లో రన్ రేటు చూసినవారికి ఇది అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు. అయితే ఈ అంకెను వార్తలో పెట్టాలని లేదు. ఎవరు ఎందుకు ఓడారో మీకు అర్థం కావడానికే అది.

రెండు భాగాల మధ్య విరామంలో సగం వార్త రాసి పెట్టుకోవడం అందరూ చేసే పని, చేయవలసిన పని కూడా. కాని దానిని ఎప్పుడైనా చింపేయడానికి సిద్ధంగా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన జాతీయ ఫైనల్లో మొదటి భాగం ముగిసేసరికి కాన్సస్ జట్టు నార్త్ కరోలినా కంటే 40–25తో వెనకబడి ఉంది. ఆ పదిహేను పాయింట్ల తేడా చూసి ఎంతమంది విలేకరులు ఓటమి వార్త మొదలుపెట్టి ఉంటారో ఊహించుకోండి. చివరకు కాన్సస్ 72–69తో గెలిచింది. ఒక దశలో పదహారు పాయింట్లు వెనకబడి గెలవడం ఆ ఫైనల్ చరిత్రలోనే పెద్ద పుంజుకోలు. నేనైతే విరామంలో గెలుపోటములతో సంబంధం లేని రెండు పేరాలు మాత్రమే రాసేవాడిని: ఆటస్థలం, జనం, ఈ ఆటకు ముందు రెండు జట్ల పరిస్థితి. అవి ఏ ఫలితం కిందనైనా ఒదుగుతాయి.

ఆట ముగిశాక కోచ్‌ను ‘ఈ విజయం గురించి చెప్పండి’ అని అడగకండి, అది ప్రశ్న కాదు. ‘పదకొండో నిమిషంలో మీరు పొడవైన ఆటగాడిని తీసివేసి, బంతిని నడిపించే మరో గార్డ్‌ను ఎందుకు దింపారు?’ అని అడిగితే, మీరు ఆట చూశారని ఆయనకు తెలుస్తుంది, ఆయన చెప్పే మాట కూడా రాసుకోదగినది అవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఆట చూసి రాయడానికని స్నేహితులతో మంచులో వేరే రాష్ట్రానికి కారులో వెళతానంటున్నాడు. నాకు భయంగా ఉంది. గంటకొకసారి ఫోను చేయమంటే విసుక్కుంటున్నాడు. నేను వద్దనవచ్చా? (గుంటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ భయంలో తప్పు లేదు. వద్దనడం కంటే, ఎలా వెళతావని అడగడం మేలు. సరైన సమాధానాలు వస్తే పంపండి.

అడగవలసినవి చెబుతాను. కారు అద్దెదైతే నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో ఉన్నదా? పేరు లేనివారు నడిపి ప్రమాదం జరిగితే బీమా వర్తించకపోవచ్చు. 25 ఏళ్ళలోపు వారికి అద్దె సంస్థలు అదనపు రుసుము కూడా వేస్తాయి కనుక, ఆ డబ్బు మిగుల్చుకోవడానికి పిల్లలు ఒక్కరి పేరే రాయించి నలుగురూ నడుపుతారు. చాలామంది చేసే పొరపాటు ఇది. రెండవది, బయలుదేరే ముందు దారి పరిస్థితి చూశారా? 511 నంబరుకు ఫోను చేస్తే చాలా రాష్ట్రాలలో ఏ రహదారి మీద మంచు ఉందో చెబుతారు. మూడవది, తుఫాను హెచ్చరిక వస్తే మానుకోవడానికి సిద్ధమేనా? ఏ పత్రికా ఒక ఆట వార్త కోసం విద్యార్థిని మంచు తుఫానులోకి పంపదు. ఆ రోజు టీవీలో చూసి రాసినా సంపాదకుడు ఏమీ అనుకోడు.

దారిలో వంతెనల మీద నేల కంటే ముందు మంచు గడ్డకడుతుంది, అక్కడ సడన్ బ్రేకు వేయకూడదు. జారే రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ పెట్టకూడదు. ట్యాంకులో ఎప్పుడూ సగానికి తగ్గకుండా పెట్రోలు, డిక్కీలో దుప్పట్లు, మంచినీళ్ళు, చిన్న పార ఉంచుకోవాలి. ఒకవేళ మంచులో చిక్కుకుంటే కారు దిగి నడవడం ప్రమాదం, కారులోనే ఉండాలి. ఇంజను వేసే ముందు వెనక పొగ గొట్టానికి మంచు అడ్డం లేకుండా తీసివేయాలి, లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది. సంధ్యవేళల్లో రోడ్డుకు అడ్డం వచ్చే జింకల సంగతి కూడా చెప్పండి: బ్రేకు వేయాలే గాని స్టీరింగ్ తిప్పకూడదు.

గంటకొకసారి ఫోను మాత్రం అడగకండి. ఆ ఫోను ఎత్తేది డ్రైవరే అయితే మీ భయమే ప్రమాదానికి కారణం కావచ్చు. మీ అబ్బాయిదీ మొదటి ప్రశ్నలోని దారే అనుకుంటే, కాన్సస్ సిటీ దాటగానే ఒకటి, అయోవాలో అడుగుపెట్టగానే ఒకటి, గదికి చేరగానే ఒకటి, మూడు చిన్న మెసేజ్‌లు పక్క సీటువాడు పెడితే చాలు. అయితే ఒక సంగతి. చలికాలంలో వాళ్ళ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. వాడు మధ్యాహ్నం మూడింటికి చేరానని మెసేజ్ పెడితే గుంటూరులో తెల్లవారుజామున రెండున్నర అవుతుంది. ఆట మొదలయ్యేది మీకు ఉదయం ఆరున్నరకు. కాఫీ తాగుతూ చూడవచ్చు.

ప్రశ్న: పత్రికవారు ఒక్కొక్క వార్తకు కొంత డబ్బు ఇస్తామంటున్నారు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు తీసుకోవచ్చా? (వారెన్స్‌బర్గ్, మిస్సోరి నుంచి ఒక విద్యార్థి)

జవాబు: రూపాయి ముట్టుకునే ముందు మీ విశ్వవిద్యాలయ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి. చదువు జరుగుతున్న కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయడానికి నియమాలు అనుమతిస్తాయి. కాని కొన్ని విద్యార్థి పత్రికలు విశ్వవిద్యాలయం నడిపేవి, కొన్ని క్యాంపస్‌లోనే ఉన్నా చట్టప్రకారం వేరే సంస్థలు. మీ పత్రిక ఏ కోవకు వస్తుందన్నదాని మీద జవాబు ఆధారపడుతుంది. ప్రయాణ ఖర్చులు తిరిగి ఇవ్వడాన్ని, పారితోషికాన్ని కూడా విడివిడిగా అడగండి. ఈ విషయంలో సీనియర్ల మాట, నా మాట, రెండూ చాలవు.

ప్రశ్న: ఐపీఎల్ ఉన్నట్లు అక్కడ ఎన్‌బీఏ ఉంది గదా, మరి కాలేజీ పిల్లల ఆటకు అంత జనం ఎందుకు వెళతారు? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆట పుట్టిందే విద్యాసంస్థ వ్యాయామశాలలో కనుక. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే కెనడా దేశపు వ్యాయామ శిక్షకుడు, చలికాలంలో లోపల ఆడుకోవడానికి ఏదైనా కావాలని, పీచ్ పళ్ళ బుట్టలు రెండు పది అడుగుల ఎత్తున మేడ అంచుకు కొట్టి, పదమూడు నియమాలు రాసి గోడకు అంటించాడు. ఆ పది అడుగుల ఎత్తు నేటికీ మారలేదు. ఆయన 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి వచ్చి అక్కడ మొదటి కోచ్ అయ్యాడు. విచిత్రమేమిటంటే 55 గెలుపులు, 60 ఓటములతో ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువగా ఉన్న కోచ్ ఆయన ఒక్కడే. ఆట కనిపెట్టినవాడికే అది పట్టుబడలేదని లారెన్స్‌లో నవ్వుతూ చెప్పుకుంటారు, ఆయన పేరు పెట్టిన వీధిలో నడుస్తూనే.

ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ పేరు మీద 1955లో తెరిచిన అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో 15 వేల మందికి పైగా పడతారు. 2017 ఫిబ్రవరి 13న వెస్ట్ వర్జీనియాతో ఆట జరిగిన రోజు అక్కడి అరుపులు 130.4 డెసిబెల్స్‌కు చేరి గిన్నిస్ రికార్డులోకి ఎక్కాయి. నైస్మిత్ చేతి సవరణలున్న ఆ పదమూడు నియమాల అసలు కాగితాలను 2010లో జరిగిన వేలంలో ఒక పూర్వ విద్యార్థి 43 లక్షల డాలర్లకు కొన్నాడు. ఇప్పుడు అవి ఆ ఆటస్థలం పక్క భవనంలోనే ఉన్నాయి. మీరెవరైనా ఆ దారిన వెళితే, ఆటకు టిక్కెట్టు దొరకకపోయినా వాటిని చూసి రండి. పాత టైపురైటర్ అక్షరాల రెండు పేజీలు, అంతే.

కాలేజీ ఆటగాడు నిన్నటిదాకా మీ తరగతిలో పక్క బెంచీలో కూర్చున్నవాడు కావచ్చు, రెండేళ్ళకో నాలుగేళ్ళకో వెళ్ళిపోతాడు. ఊరి పేరు, బడి పేరు, తాతల నాటి పంతాలు మాత్రం అక్కడే ఉంటాయి. కాన్సస్‌లో ఎదుటి ఆటగాడు ఐదు ఫౌళ్ళు చేసి బయటికి నడుస్తుంటే వేలమంది చేతులు పైకెత్తి ఒక్క తీరున అటూ ఇటూ ఊపుతారు. గోధుమ చేను గాలికి ఊగినట్లన్న మాట. కంకి పట్టిన వరిచేను చూసిన మనవారెవరికైనా దానికి వివరణ అక్కరలేదు.

ప్రశ్న: నాకు మహిళల ఆటలే రాయమని ఇస్తున్నారు. చిన్నచూపు చూస్తున్నారేమో అనిపిస్తోంది. (అమెరికాలో చదువుతున్న ఒక విద్యార్థి)

జవాబు: మీ సంపాదకుడు మీకు మేలు చేస్తున్నాడు. 2024లో అయోవా విశ్వవిద్యాలయానికి ఆడిన కెయిట్లిన్ క్లార్క్ 3,951 పాయింట్లతో కాలేజీ ఆటను ముగించింది. అదే ఏడాది ఆమె జట్టు సౌత్ కరోలినాతో ఆడిన మహిళల ఫైనల్‌ను అమెరికాలో టీవీలో చూసినవారి సంఖ్య పురుషుల ఫైనల్‌ను మించిపోయింది. పైగా మహిళల ఆట దగ్గర విలేకరుల రద్దీ తక్కువ, కోచ్ మీతో పది నిమిషాలు నిలబడి మాట్లాడుతుంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి: అక్కడ పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు ఉంటాయి, రెండు కాదు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ప్రశ్న: ఇలాంటి ప్రయాణాలలో మీరు చేసిన పెద్ద పొరపాటు ఏమిటి? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: గడియారం. లారెన్స్ నుంచి ఇండియానా రాష్ట్రంలో ఒక ఆటకు ఐ-70 మీద తూర్పుగా వెళ్ళాము, పగలంతా ప్రయాణం. ఆట ఏడింటికని కాగితం మీద ఉంది, మేము నాలుగున్నరకల్లా చేరతామని లెక్క వేసుకొని దారిలో తీరికగా భోజనం చేశాము, ఒకచోట ఫొటోలు దిగాము. ఇండియానాలో ఎక్కువ భాగం ఈస్టర్న్ కాలమానంలో ఉంటుందని, అక్కడి ఏడు అంటే మాకు ఆరు అని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. దారిలో రోడ్డు పనుల దగ్గర మరో గంటన్నర పోయింది. నేను లోపలికి పరుగెత్తేసరికి మొదటి భాగంలో ఎనిమిది నిమిషాలు గడిచిపోయాయి, నా కుర్చీలో ఎవరో తమ కోట్లు కుప్పగా పెట్టుకున్నారు. పక్కనున్న స్థానిక విలేకరి ఏమీ అడగకుండా తన నోట్సు పుస్తకాన్ని నా వైపు జరిపాడు. ఆ ఎనిమిది నిమిషాలనూ అందులోంచి ఎక్కించుకున్నాను. అప్పటి నుంచి ఆట సమయం పక్కన ‘ఎక్కడి సమయం?’ అని రాసుకోకుండా బయలుదేరలేదు. సిన్సినాటి, వెస్ట్ వర్జీనియా వెళ్ళేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. యూటా వెళ్ళేవారికి తిరగేసి వర్తిస్తుంది.

ప్రశ్న: శాకాహారులకు విలేకరుల గదిలో ఏమైనా దొరుకుతుందా? (లారెన్స్ నుంచి వచ్చిన మొదటి ప్రశ్నకు తోక)

జవాబు: చిప్స్, కూల్‌డ్రింకులు, అదృష్టం బాగుంటే చీజ్ పిజ్జా. పొద్దున్నే పులిహోర కలిపి రెండు డబ్బాలలో పెట్టుకోండి. చింతపండు పులుపుకు అది చలికాలంలో రాత్రి దాకా చెడదు. ఒక డబ్బా దారిలో నలుగురూ తినండి. రెండవది బ్యాగులో పెట్టి లోపలికి తీసుకుపోకండి, బయటి తిండి గేటు దగ్గరే ఆపుతారు. కారులోనే ఉంచండి. పదకొండింటికి వార్త పంపి గదికి వెళ్ళే దారిలో, వెనక సీటులో, చల్లారి గట్టిపడిన ఆ పులిహోరలో పల్లీలు ఏరుకు తింటుంటే ముందు సీటువాడు చెయ్యి చాపుతాడు. డ్రైవరుకు మాత్రం గదికి చేరాక పెట్టండి.